పదకొండు ఫొటోల ఫ్లెక్సీ

ఆ ఫ్లెక్సీ వేయించింది నేనే. ముందు ఆ మాట టైపు చెయ్యి, మిగతాది తర్వాత చెబుతాను. మాస్టారి మీద, ఆడిటరు మీద, ఊరి మీద నువ్వు కోపం పెట్టుకున్నావని నాకు తెలుసు. వాళ్ళెవరూ కాదు. కాలవ వంతెన దగ్గర రెండు వెదురు బొంగులు పాతించి, పదకొండు మంది పిల్లల ఫొటోలు కట్టించింది మీ అమ్మమ్మే. పై వరసలో మూడోది నీది. పేర్లు మాత్రం ఎవరివీ పెట్టకు. ఊరి పేరూ వద్దు. విజయవాడ నుంచి బందరు కాలవ వెంట గంట ప్రయాణం అని రాయి, చాలు.

మనం ఎవరమో కూడా చెప్పాలి కదా, లేకపోతే చదివేవాళ్ళకి అర్థం కాదు. మన పేటలో ముప్పై ఇళ్ళుంటే అందులో సగం మంది యూదులం. తెలుగు మాట్లాడే యూదులేంటని నేను పనికెళ్ళే విజయవాడ పటమటలో నన్ను ఎంతమంది అడిగారో. మా తాత పాటించాడు, మా నాన్న పాటించాడు, నేనూ పాటిస్తున్నాను అనేదాన్ని. అంతకు మించి నాకూ తెలియదు. శుక్రవారం పొద్దుగూకే వేళకి పనులన్నీ ఆపేస్తాం. శనివారం పొయ్యి వెలిగించం. పొలుసు లేని చేప తినం, రొయ్య ముట్టం. కృష్ణా జిల్లాలో పుట్టి రొయ్య తినని వాళ్ళని చూడాలంటే మన పేటకే రావాలని మీ తాత నవ్వేవాడు. ఆయనకి రొయ్యల వాసనంటే ప్రాణం. చెరువుల దగ్గర పనికెళ్ళినప్పుడు కాసేపు అలా నిలబడి వాసన చూసి వచ్చేవాడట.

మన ప్రార్థన మందిరం పక్కన రేకుల షెడ్డులో మన బడి. పదో తరగతి దాకా ఉంది. అందరూ చదివే పాఠాలే, కాకపోతే పొద్దున్నే ఓ గంట హీబ్రూ అక్షరాలు చెబుతారు, శుక్రవారం మధ్యాహ్నమే వదిలేస్తారు. పేటలో మిగతా ఇళ్ళ పిల్లలూ వచ్చేవాళ్ళు. బడిని నడిపేది మాస్టారు. ఆయనకి జీతం లేదు, టీచర్లకి ఇవ్వడానికి డబ్బూ లేదు. నువ్వు తొమ్మిదో తరగతిలో ఉండగా ఆయన ఇంటింటికీ వచ్చి ఫీజు అడిగాడు. అడిగి, మా గడపలో నిలబడి ఏడ్చినంత పని చేశాడు.

"అత్తా, జూన్‌లో తలుపులు తీస్తానని చెప్పలేను" అన్నాడు.

అప్పటికి నేను పటమటలో ఒకే ఇంట్లో పంతొమ్మిదేళ్ళుగా వంట చేస్తున్నాను. ఇనుప సామాన్ల టోకు వ్యాపారం వాళ్ళది. రోజూ పొద్దున బస్సుకి వెళ్ళి సాయంత్రం బస్సుకి వచ్చేదాన్ని. ఆ మార్చిలో ఓ రోజు హాల్లో అయ్యగారు, ఆయన ఆడిటరు కూర్చుని ఉన్నారు. నేను కాఫీ పట్టుకెళ్ళాను.

"ఈ ఏడు కూడా ఇంత పన్నా? నేను సంపాదిస్తున్నది నా కోసమా, గవర్నమెంటు కోసమా?" అంటున్నారు అయ్యగారు.

"నెలాఖరు లోపల ఏదన్నా ట్రస్టుకి రాయండి సార్. కొంత తగ్గుతుంది. పోయినేడు గోశాలకి ఇచ్చారు గదా."

"వాళ్ళ రసీదు రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఇంకేదన్నా చెప్పు."

నేను గ్లాసులు బల్ల మీద పెట్టి, కదలకుండా నిలబడ్డాను. "అయ్యగారూ, మా బడికి ట్రస్టు ఉందండీ. పిల్లలకి స్కాలర్‌షిప్పులు ఇద్దామంటే ఇచ్చేవాళ్ళే లేరు" అన్నాను.

అమ్మగారు లోపలి నుంచే అందుకుంది. "కూరలో ఉప్పు మర్చిపోద్ది గానీ, ఇది మాత్రం మర్చిపోలా."

అయ్యగారు నవ్వారు. ఎటూ గవర్నమెంటుకి పోయే డబ్బే కదా, మనకి తెలిసిన పిల్లలకి పోతే ఏం నష్టమన్నారు. ఆడిటరు మాత్రం నవ్వలేదు. అక్కడికక్కడే మాస్టారికి ఫోను చేయించి, ట్రస్టు కాగితంలో ఏమని ఉందో చదవమన్నాడు. పేద విద్యార్థుల కోసం అని ఉంది. అప్పుడు ఫోను పక్కన పెట్టి నా వైపు తిరిగాడు.

"పెద్దమ్మా, ఒక మతం పిల్లల కోసమే అని పెట్టుకున్న ట్రస్టుకి ఇస్తే ఈ రాయితీ రాదు. మీరు లోపల ఏ దేవుణ్ణి తలుచుకుంటారో నాకనవసరం. బయట మాత్రం ఎక్కడా ఆ మాట కనపడకూడదు. విన్నావా?"

విన్నాను. రసీదు పుస్తకం సంగతి చెబుతున్నాడనుకున్నాను. నా మొహానికి అంతకన్నా ఏం తెలుసు?

చెక్కు వచ్చింది. బడి ఆగలేదు. పదకొండు మందికి ఫీజు, పుస్తకాలు, మధ్యాహ్నం అన్నం. జూన్‌లో బడి తెరిచే రోజున అయ్యగార్ని పిలిచి శాలువా కప్పుదామని మాస్టారు అన్నాడు. శాలువా ఒక్కటేనా అనిపించింది నాకు. మన వైపు ఎవరన్నా గుడికి ఫ్యాను ఇచ్చినా, ఊరికి బోరు వేయించినా ఫ్లెక్సీ పడుతుంది. ఇచ్చినాయన మొహం వంతెన దగ్గర కనపడకపోతే ఇచ్చినట్టే కాదు. ఇంకో మాట కూడా చెప్పాలి. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ వంతెన దగ్గర ఎన్ని బొమ్మలు చూశానో. పుట్టినరోజులు, పదవులు, సినిమా వాళ్ళు, ర్యాంకులు వచ్చిన పిల్లలు. అందులో మన పేట మొహం ఒక్కటి కూడా లేదు. ఒక్కసారన్నా పెట్టించాలని నాకుండేది. అదీ నా తప్పు.

పేట ఆడవాళ్ళం తలా కాస్త వేసుకున్నాం. నేను పటమట సెంటర్లో ఫ్లెక్సీ కొట్టుకి వెళ్ళాను. కంప్యూటరు ముందు కూర్చున్నాయన చాలా హుషారు మనిషి.

"ఏ ఫంక్షనమ్మా? ఓణీలా, పెద్దకర్మా?"

"బడి పిల్లలకి స్కాలర్‌షిప్పు ఇచ్చారయ్యా. ఆయనకి కృతజ్ఞతలు చెప్పాలి."

"దాతగారి ఫొటో పెద్దది పెడదాం. చుట్టూ పిల్లలు. వెనకాల ఏం పెట్టమంటారు, అమ్మవారా, వెంకన్నా?"

"ఎవరూ వద్దు. చుక్క బొమ్మ పెట్టు. ఆరు కొసలుంటాయి."

"కొసలెన్నైనా పెడతాగానీ, అదే పార్టీ అమ్మా?"

పార్టీ కాదు, మేం యూదులం అన్నాను. ఆయనకి ఎంత ముచ్చటేసిందో. ఇన్నేళ్ళలో ఇలాంటి ఫ్లెక్సీ నేను వేయలేదు, మొదటిది ఇదే అన్నాడు. తనే కూర్చుని మాటలు పేర్చాడు. మా యూదు పిల్లల చదువుకు దీపం పెట్టిన దాతగారికి అభినందనలు. పైకి చదివి వినిపించాడు. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. కింద పదకొండు ఫొటోలు, ఒక్కో ఫొటో కింద పేరు, తరగతి. చుక్కకి రెండు పక్కలా రెండు నెమళ్ళు ఊరికే వేసిచ్చాడు.

పొద్దున్నే కట్టించాం. మాస్టారు చూసేసరికి పది దాటింది. వంతెన మీద సైకిలు ఆపి, కాలు కింద పెట్టి, చాలాసేపు చూశాడు.

"అత్తా, ఆ ఒక్క మాట లేకుండా ఉంటే బాగుండేది."

"ఏ మాట?"

మాస్టారు చెప్పబోయాడు. అప్పటికే అయ్యగారి కారు వచ్చేసింది. ఆయన దిగి, తన ఫొటో చూసుకుని, సంతోషించి, దాని ముందు నిలబడి ఫొటో తీయించుకున్నారు. ఇంక ఎవరు విప్పుతారు?

దాన్ని వారం రోజులు ఉంచాం. ఆ వారంలో ఒక రోజు నేను సాయంత్రం బస్సు దిగితే, వంతెన మీద ఒకాయన బండి ఆపుకుని ఫోనుతో దాన్ని ఫొటో తీస్తున్నాడు. దాతగారి మొహం తీయడం లేదు. దగ్గరికి వెళ్ళి, కింద పిల్లల పేర్లు ఒక్కొక్కటీ తీస్తున్నాడు. నేను నిలబడి చూస్తుంటే, "మీ పిల్లలా అండీ, చాలా బాగున్నారు" అని బండెక్కి వెళ్ళిపోయాడు. ఎవరో బంధువులనుకున్నాను. ఆ రాత్రి అన్నం తింటూ నీకు చెప్పాను కూడా, నీ ఫొటో ఎవరో తీసుకెళ్ళారే అని. నువ్వు సిగ్గుపడ్డావు.

వానలు మొదలయ్యాక వీఆర్వో వచ్చాడు. కొత్తగా వేశారు, ముప్పై ఏళ్ళుంటాయేమో. చెప్పులు బయట విప్పి, మంచం మీద ఓ చివర కూర్చున్నాడు. ఫోను తీసి మన ఫ్లెక్సీ చూపించాడు.

"ఈ మూడో పాప మీ మనవరాలేనాండీ?"

"మనవరాలేనయ్యా. ఫొటో బాగా వచ్చింది గదా."

"బాగా వచ్చిందండీ. పాప కుల ధ్రువీకరణ పత్రంలో ఎస్సీ హిందువని ఉంది. ఇక్కడేమో యూదు పిల్లలని ఉంది. రెండిట్లో ఏదండీ నిజం?"

రెండూ నిజమేనన్నాను. "ఈ పేటలో పుట్టాం, ఆ సంగతి ఊళ్ళో ఎవరూ మమ్మల్ని మర్చిపోనివ్వరు. మా నాన్నకి హోటల్లో గ్లాసు విడిగా పెట్టినప్పుడు, నువ్వు ఏ దేవుడికి దణ్ణం పెడతావని ఎవరూ అడగలేదు బాబూ."

ఆయన తల వంచుకున్నాడు. "నిజమేనండీ. కానీ హిందువులు, సిక్కులు, బౌద్ధులు, వీళ్ళకే ఆ సర్టిఫికెట్టు ఉంటుంది. వేరే మతమని తేలితే రద్దు చేస్తారు. ఎవరో అర్జీ పెట్టారు, పైనుంచి వచ్చింది."

"ఎవరు పెట్టారు?"

"చెప్పకూడదండీ."

ఆ ఒక్క మాటతో నాకు ఊరంతా మారిపోయింది. పాలు పోసేవాడు రెండుసార్లు చూస్తే వాడేనేమో అనిపించేది. కిరాణా కొట్టులో నన్ను చూసి మాట ఆపేస్తే వీళ్ళేనేమో అనిపించేది. నాతో పాటు పాతికేళ్ళు నాట్లు వేసిన మనిషి పలకరిస్తే, ఎందుకు పలకరిస్తోందా అని ఆలోచించేదాన్ని. ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ఎవరో మాత్రం నన్ను రోజూ చూస్తూనే ఉంటారు.

నీకేం చెప్పలేదు నేను. పదో తరగతి చదువుకోమన్నాను. పది పాసైతే గురుకులం కాలేజీలో సీటు, అన్నం, హాస్టలు, పుస్తకాలు అన్నీ ఊరికే. ఆ సీటుకి ఆ సర్టిఫికెట్టే ఆధారం. అది లేకపోతే నిన్ను ఇంటర్ చదివించే శక్తి ఈ ఇంట్లో ఎవరికీ లేదు. మీ అమ్మ సంపాదన తన మందులకే సరిపోదు, నా సంగతి సరే.

తాసిల్దారు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. పదకొండు ఇళ్ళకీ వచ్చింది. నువ్వు నాతో వచ్చావు, గుర్తుందా? బయట మంచినీళ్ళ డ్రమ్ము దగ్గర కూర్చోబెట్టి నేను లోపలికెళ్ళాను. తాసిల్దారు ఆడమనిషి. కుర్చీ వేయించింది.

"మామ్మగారూ, మిమ్మల్ని ఇబ్బంది పెట్టాలని నాకు లేదు. ఇదిగో, టైపు చేయించి పెట్టాం. చదువుకోగలరా?"

"చదువుతానండీ."

రెండే వాక్యాలు. ఆ ఫ్లెక్సీ మా అనుమతి లేకుండా వేశారు. మేము హిందూ ఆచారాలనే పాటిస్తున్నాము. రెండుసార్లు చదివాను.

"మొదటిది అబద్ధమండీ, అయినా పెడతాను. రెండోది తీసేయొచ్చాండీ?"

"రెండోదే కావాల్సిందండీ" అంది ఆవిడ, చాలా మెల్లగా.

సంతకం పెట్టాను. బస్సులో నువ్వు ఏం రాయించారని అడిగితే, నా పేరు రాశానన్నాను. ఆ శుక్రవారం మందిరానికి వెళ్ళాను గానీ, వెనక కూర్చున్నాను. చూస్తే వెనక వరసంతా నిండి ఉంది. అందరం సంతకాలు పెట్టి వచ్చినవాళ్ళమే. ముందు వరసలో మాస్టారు, ఇంకొకాయన. ఆయన ఆటో నడుపుతాడు, ఫ్లెక్సీలో చివరి పిల్లాడి తండ్రి. పదకొండు ఇళ్ళలో సంతకం పెట్టనిది ఆయనొక్కడే.

"నా తండ్రి దేవుణ్ణి ఆ టేబుల్ మీద వదిలేసి రాలేను పిన్నీ" అన్నాడు నాతో. అని, నేను బాధపడతానని, "నువ్వు చేసింది తప్పని కాదు" అన్నాడు.

దసరా లోపలే వాళ్ళ ఇంట్లో అందరి సర్టిఫికెట్లూ రద్దయ్యాయి. వాళ్ళ పెద్దమ్మాయి పాలిటెక్నిక్ రెండో ఏడు చదువుతోంది. ఫీజు మొత్తం కట్టమన్నారు. ఇప్పుడు విజయవాడలో బట్టల కొట్లో నిలబడుతోంది. పొద్దున బస్సులో నా పక్కనే కూర్చుంటుంది. నాకు సీటు ఆపుతుంది కూడా.

మళ్ళీ మార్చి వచ్చింది. ఆడిటరు వచ్చాడు, నేను కాఫీ పట్టుకెళ్ళాను. ఆయన ఫోనులో కూడా ఆ ఫ్లెక్సీ ఉంది.

"పెద్దమ్మా, నేను చెప్పిందేంటి, నువ్వు చేసిందేంటి? రేపు సార్‌కి నోటీసు వస్తే ఏం చెప్పాలి?"

అయ్యగారు నన్నేమీ అనలేదు. కాఫీ బాగుందన్నారు. చెక్కు గోశాలకి రాశారు. మాస్టారికి ఆ సంగతి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఒక టీచరమ్మ అప్పుడే మానేసింది. ఈ జూన్‌లో బడి తెరుస్తారో లేదో మాస్టారే చెప్పలేకపోతున్నాడు. గవర్నమెంటుకి పోవాల్సిన డబ్బు మన బడికి వచ్చిందని మురిసిపోయాను. ఇప్పుడు గవర్నమెంటు ఇచ్చే సీటు ఆ బడి పేరు మీదే పోయేట్టుంది.

నువ్వు మంచి మార్కులతో పాసయ్యావు. గురుకులంలో సీటు వచ్చింది. ఇంక గండం గడిచిందనుకున్నాను. అప్పుడొచ్చింది మొన్నటి శుక్రవారం.

నువ్వు అక్కడే ఉన్నావు గానీ, నా లోపల ఏం జరిగిందో నీకు తెలియదు కదా, అందుకే చెబుతున్నాను. పొద్దు వాలుతోంది. వీఆర్వో బండి వచ్చి గుమ్మం ముందు ఆగింది. చెప్పులు విప్పి, మంచం మీద అదే చివర కూర్చున్నాడు.

"ఏం లేదండీ. సీటు వచ్చిన పిల్లల ఇళ్ళు మళ్ళీ ఒకసారి చూసి రాయమన్నారు."

"చూడు బాబూ. టీ తాగుతావా?"

"తాగుతానండీ."

టీ ఇచ్చాను. తాగాడు. గ్లాసు ఖాళీ అయినా లేవలేదు. గోడల వంక చూశాడు, ఎండల గురించి మాట్లాడాడు, మామిడి కాయల ధర అడిగాడు. మధ్యమధ్యలో గుమ్మంలోంచి ఆకాశం చూస్తున్నాడు. అప్పుడు నాకర్థమైంది. ఈయన చీకటి పడే దాకా వెళ్ళడు. శుక్రవారం సాయంత్రమే రమ్మని ఈయనకి ఎవరో చెప్పారు.

శుక్రవారం పొద్దు గూకకముందే మన ఇంట్లో రెండు దీపాలు పెట్టాలి. వెలిగించి, మూడుసార్లు చేతులతో వెలుగుని దగ్గరికి లాక్కుని, కళ్ళు మూసుకుని ప్రార్థన చెప్పాలి. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఒక్క శుక్రవారం తప్పలేదు. మీ తాత పోయిన వారం కూడా తప్పలేదు.

నా తడబాటు ఆయనకి కనపడింది. "దీపం పెట్టుకోండి మామ్మగారూ, నా గురించి ఆగొద్దు. సంధ్యవేళ ప్రతి ఇంట్లో పెట్టేదే గదా" అన్నాడు. దయగానే అన్నాడనిపించింది. ఒక దారి చూపిస్తున్నాడేమో అని కూడా అనిపించింది.

అగ్గిపెట్టె తీసి ఒకటి వెలిగించాను. ఒక్కటే. కళ్ళు మూసుకోలేదు. చేతులు ఎటు పెట్టుకోవాలో తెలియక కొంగు పట్టుకున్నాను. రెండో ప్రమిద నూనె పోసి పక్కనే ఉంది. దాన్ని గూట్లోకి నెడదామనుకున్నాను.

నువ్వు వంటింట్లోంచి వచ్చావు. నా చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకున్నావు. ఆయన వంక చూడలేదు, నా వంకా చూడలేదు. రెండోది వెలిగించి, మూడుసార్లు వెలుగుని లాక్కుని, మొహానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, ప్రార్థన మొత్తం పైకి చెప్పావు. తడుముకోకుండా చెప్పావు. నిన్ను ఆపాలని ఉంది, నీ పక్కన నిలబడాలని ఉంది. రెండూ చేయలేదు.

"పిల్లకి చీకటంటే భయం బాబూ. కరెంటు పోయేట్టుందని ఇంకోటి పెట్టింది" అన్నాను.

ఆయన తలెత్తి చూశాడు. ఫ్యాను తిరుగుతోంది.

"కరెంటు ఉందండీ" అన్నాడు.

బ్యాగులోంచి కాగితం తీసి మోకాలి మీద పెట్టుకుని రాశాడు. ఒక్క లైనే. నేను అవతలి నుంచి చదవడానికి చూశాను గానీ అక్షరాలు కనపడలేదు.

"ఏం రాశావు బాబూ?"

"చూసింది రాశానండీ."

కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని లేచాడు. నువ్వు ఆయన తాగిన టీ గ్లాసు తీసుకుని లోపలికెళ్ళావు. బండి వంతెన దాటే దాకా నేను గుమ్మంలోనే నిలబడ్డాను. ఎందుకట్లా చేశావని నిన్ను ఇప్పటిదాకా అడగలేదు, అడగను కూడా.

బుధవారం విజయవాడలో నీ సర్టిఫికెట్ల పరిశీలన. ఆరింటి బస్సుకి వెళ్ళాలి. ఒరిజినల్సు, రెండు సెట్ల జిరాక్సులు తెమ్మన్నారు. అవన్నీ కవర్లో పెట్టి ఉంచాను. ఆ ఒక్క లైను మాత్రం మనకంటే ముందే అక్కడికి చేరి ఉంటుంది.